నల్లరేగడికి సిమెంటు చాలని చోట

దక్కన్ పీఠభూమిలో అగ్నిశిలలు యుగాల తరబడి శిథిలం కాగా ఏర్పడిన నల్లరేగడి నేల పత్తికి, శనగకు, మిరపకు ఎంత మేలు చేస్తుందో, తనమీద వేసిన రోడ్డుకు, కాలువ గట్టుకు, తేలికపాటి ఇంటి పునాదికి అంత చేటు చేస్తుంది. వేసవిలో నెర్రెలు విచ్చి, తొలకరి పడగానే ఉబ్బి, వానలు ముదిరేసరికి బురదై బలం కోల్పోయే ఈ నేలమీద వేసిన తారు రోడ్డు కొద్ది ఏళ్లలోనే అలలు తేలి, అంచుల వెంబడి పొడవునా చీలుతుంది. ఆదిలాబాద్ మొదలుకొని కర్నూలు దాకా, గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతాల్లో రోడ్లు వేసే ఇంజినీర్లకు ఇది ఏటా ఎదురయ్యే సమస్య. ఆ మట్టిని తవ్వి పారేసి మొరం నింపడం పాత పరిష్కారం. మట్టిని ఉన్నచోటనే ఉంచి, దానిలో సిమెంటు కలిపి గట్టిపరచడం మరొక మార్గం. ఆ సిమెంటులో కొంత భాగానికి బదులు బొగ్గు బూడిద, ఉక్కు కర్మాగారపు స్లాగు వంటి ఉపోత్పత్తులను వాడితే ఖర్చు తగ్గడమే కాక, కొన్ని నేలల్లో సిమెంటు ఒంటరిగా ఇవ్వలేని బలం కూడా వస్తుందని దశాబ్దాల పరిశోధన తేల్చింది. అయితే ఆ బలం రావాలంటే నేలలో ఏ పదార్థం కొరవడిందో, ఏ వ్యర్థంలో ఆ పదార్థం ఉందో ముందుగా సరిచూడవలసి ఉంటుంది. వ్యర్థాన్ని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలన్న తొందరలో ఈ సరిచూపు జరగకపోతే నేల గట్టిపడదు సరికదా, కొన్నిసార్లు మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బుతుంది.

నల్లరేగడి స్వభావానికి మూలం దానిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం. రెండు సిలికా పొరలు, వాటి నడుమ ఒక అల్యూమినా పొర కలిసి దాదాపు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు, మందం గల ఒక రేకుగా ఏర్పడతాయి. అలాంటి రేకులు విస్తరాకుల కట్టలా ఒకదానిమీద ఒకటి పేరుకొని ఉంటాయి. రేకుల మీద రుణావేశం ఉండడం వల్ల దాన్ని సరితూచేందుకు సోడియం, కాల్షియం వంటి ధనావేశ అయాన్లు వాటి మధ్య చేరి, తమ చుట్టూ నీటి అణువులను పోగుచేసుకుంటాయి. రేకుకూ రేకుకూ మధ్య బంధం బలహీనం కనుక నీరు చొరబడినకొద్దీ కట్ట లావెక్కుతుంది, ఆరినకొద్దీ కుంచించుకుపోతుంది. ఒక గ్రాము మాంట్‌మొరిల్లొనైట్‌లోని రేకులన్నిటినీ విడదీసి పరిస్తే వాటి ఉపరితలం దాదాపు 800 చదరపు మీటర్ల దాకా వస్తుంది. పింగాణీ తయారీకి వాడే చీనామట్టిలోని కెయొలినైట్ ఖనిజానికి ఇది 10 నుంచి 20 చదరపు మీటర్లే. ఒక మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి చేసే పరీక్ష చాలా తేలిక: పది గ్రాముల పొడిమట్టిని నీళ్లున్న గాజుగొట్టంలో, మరో పది గ్రాములను కిరోసిన్ ఉన్న గొట్టంలో పోసి, ఒక రోజు ఆగి చూస్తారు. కిరోసిన్ రేకుల మధ్యకు చొరబడి వాటిని ఉబ్బించలేదు కనుక, రెండు గొట్టాల్లోని మట్టి పరిమాణాల తేడాయే ఉబ్బు కొలత. ఆ తేడా 50 శాతం మించిన మట్టిని రోడ్డు కట్టలకు వాడకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్దేశాలు చెబుతున్నాయి.

మట్టిలో సిమెంటు కలిపి, తగినంత తేమతో రోలరుతో అణచి రోడ్డుకు పునాది పొరగా చేసే పద్ధతికి ఇంజినీరింగ్ శాస్త్రంగా రూపం వచ్చింది 1935లో, అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం జాన్సన్‌విల్ దగ్గర వేసిన రోడ్డుతో. అక్కడి మట్టి ఇసుక పాలు ఎక్కువగా ఉన్నది కావడం గమనించదగిన విషయం, ఎందుకంటే సిమెంటు మెచ్చే మట్టి అదే. మనదేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2018లో సవరించిన రూపకల్పన మార్గదర్శకాల్లో సిమెంటుతో గట్టిపరచిన పై పునాది పొరకు 4.5 నుంచి 7 మెగాపాస్కళ్లు, దాని కింది పొరకు 1.5 నుంచి 3 మెగాపాస్కళ్ల సంపీడన బలం ఉండాలన్న ప్రమాణం ఉంది. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు పది కిలోల ఒత్తిడిని తట్టుకునే శక్తి. నల్లరేగడితో ఆ కింది పొర స్థాయిని అందుకోవడానికి సిమెంటు మాత్రమే వాడితే, కలపవలసిన పాళ్లు ఖర్చు భరించలేనంతగా పెరుగుతాయి. సిమెంటు పెరిగినకొద్దీ ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లివ్వడం కూడా పెరుగుతుంది.

ఈ చిక్కు అర్థం కావాలంటే సిమెంటు నీటితో కలిసినప్పుడు ఏమవుతుందో చూడాలి. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో చర్య జరిపి రెండు పదార్థాలను పుట్టిస్తాయి. మొదటిది కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురు; రేణువులను అతికించి బలమిచ్చేది ఇదే. రెండోది తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్; గట్టిపడిన సిమెంటు ముద్దలో దాదాపు ఐదో వంతు ఇదే ఉంటుంది. కాంక్రీటులో ఈ సున్నం బలానికి పెద్దగా తోడ్పడకుండా ఉండిపోతుంది. మట్టిలో మాత్రం దానికి చాలా పని ఉంది. సున్నంలోని కాల్షియం అయాన్లు రేకుల మీది సోడియం అయాన్లను నెట్టివేసి వాటి స్థానంలో కూర్చుంటాయి. దాంతో రేకుల చుట్టూ ఉన్న నీటిపొర పలుచబడి, సన్నని బంక రేణువులు ఒకదానికొకటి అంటుకొని పలుకులు కడతాయి, మట్టి జిగట తగ్గి పొడిపొడిలాడుతుంది. ఇది గంటల్లో జరిగే మార్పు. ఆ తరువాత వారాలు, నెలల పాటు సాగేది రెండో మార్పు: సున్నం వల్ల మట్టిలోని తేమ క్షార స్వభావం సంతరించుకొని, దాని పీహెచ్ విలువ 12.4 దాకా చేరినప్పుడు, బంకమట్టిలోని సిలికా, అల్యూమినా కరగడం మొదలై, సున్నంతో కలిసి అదే రకం జిగురును కొత్తగా పుట్టిస్తాయి. దీనికే పోజొలానిక్ చర్య అని పేరు. నేపుల్స్ దగ్గరి అగ్నిపర్వత బూడిదతో రోమన్లు, గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపిన మన తాపీ మేస్త్రులు వాడుకున్న చర్య ఇదే.

నల్లరేగడిలో లోటు ఏర్పడేది సరిగ్గా ఇక్కడే. అపారమైన ఉపరితలం గల ఆ బంకమట్టి సున్నాన్ని మొదట తన అయాన్ల మార్పిడికే పీల్చుకుంటుంది. మట్టి బరువులో 5 శాతం సిమెంటు కలిపితే దాని నుంచి పుట్టే సున్నం మట్టి బరువులో ఇంచుమించు ఒక శాతమే; ఈ నేల దాహం తీరి పీహెచ్ 12.4కు చేరాలంటే తరచుగా దానికి మూడు నాలుగు రెట్ల సున్నం కావలసి వస్తుంది. ఈ అవసరాన్ని కొలిచే పద్ధతిని అమెరికన్ పరిశోధకులు ఈడ్స్, గ్రిమ్ 1966లో రూపొందించారు. మట్టి, నీరు కలిపిన సీసాల్లో సున్నాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, పీహెచ్ ఏ పాలు దగ్గర స్థిరపడుతుందో చూడడమే ఆ పరీక్ష. గంటసేపట్లో పూర్తయ్యే ఈ పరీక్షతోనే ఏ ఉపోత్పత్తి ఆ నేలకు పనికివస్తుందన్న విషయంలో సగం తేలిపోతుంది.

ఉపోత్పత్తుల్లో రాశిలో అతి పెద్దది ఫ్లై యాష్. పొడి చేసిన బొగ్గును విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో మండించినప్పుడు దానిలోని మట్టి ఖనిజాలు కరిగి, పొగతో పాటు పైకి లేచి, హఠాత్తుగా చల్లబడి సన్నని గాజు గోళాలుగా మారతాయి; పొగ గొట్టానికి ముందుండే స్థిరవిద్యుత్ పరికరాలు వాటిని పట్టి ఉంచుతాయి. మన బొగ్గులో బూడిద పాలు 30 నుంచి 45 శాతం దాకా ఉండడం వల్ల ఈ రాశి కొండంత అవుతోంది: కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో దాదాపు 27 కోట్ల టన్నుల బూడిద తయారైంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం, ముద్దనూరు, సింహాద్రి కేంద్రాల పక్కనున్న బూడిద చెరువులను చూసినవారికి ఈ అంకె అర్థం కావడం కష్టం కాదు. బూడిద వాడకాన్ని తప్పనిసరి చేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరులో మొదటి ప్రకటన వెలువరించి, పలు సవరణల తర్వాత 2021 డిసెంబరు 31న వెలువడిన ప్రకటనలో నూటికి నూరు పాళ్లూ వాడవలసిందేనని విధించింది. నియమం మంచిదే. అయితే దాని ఒత్తిడి విద్యుత్ కేంద్రం మీద పడి, అక్కడి నుంచి రోడ్డు కాంట్రాక్టరు మీదికి జారినప్పుడు, బూడిదను నేలలో కలిపేముందు అడగవలసిన ప్రశ్నలు అడిగేవారు తగ్గిపోతారు.

మొదటి ప్రశ్న సున్నానిది. మనదేశపు బొగ్గు బూడిదల్లో అధిక భాగం సున్నం పాలు చాలా తక్కువగా ఉన్నవి. నైవేలీ లిగ్నైట్ బూడిద వంటివి కొన్ని మాత్రమే దీనికి మినహాయింపు. సున్నం లేని బూడిద తనంతట తాను గట్టిపడదు, పక్కన సున్నం ఉంటేనే దానిలోని గాజు సిలికా చర్యలో పాల్గొంటుంది. ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలో సిమెంటు నుంచి పుట్టిన సున్నం మిగిలే ఉంటుంది కనుక, అక్కడ బూడిద కలిపితే ఆ మిగులు జిగురుగా మారి, నెలలు గడిచేకొద్దీ బలం పెరుగుతూ పోతుంది. నల్లరేగడిలో ఉన్న కాస్త సున్నాన్నీ బంకమట్టి ముందే లాక్కుంటుంది. సిమెంటు తగ్గించి బూడిద పెంచితే లోటు మరింత పెరుగుతుంది, బూడిద చర్యలో పాల్గొనకుండా పూరకంగా మిగిలిపోతుంది. పూరకంగా కూడా దానికి కొంత ప్రయోజనం ఉంది, ఎందుకంటే ఉబ్బని రేణువులు చేరినకొద్దీ ఉబ్బే మట్టి పాలు తగ్గుతుంది. కాకినాడ జేఎన్‌టీయూ పరిశోధకుల భాగస్వామ్యంతో 2004లో అమెరికన్ సివిల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం బూడిద పాలు పెరిగినకొద్దీ ఉబ్బే మట్టి జిగట, ఉబ్బు తగ్గడాన్ని, బలం పెరగడాన్ని చూపింది. ఉబ్బు తగ్గితే చాలుననుకునే చోట అది సరిపోతుంది. పునాది పొరకు కావలసిన బలం ఆశించినప్పుడు మాత్రం సున్నాన్ని విడిగా ముందే ఇవ్వాలి.

రెండో ప్రశ్న బూడిద ఎక్కడి నుంచి వచ్చిందన్నది. పొడిగా పట్టిన సన్నని బూడిద ఒకటి, నీళ్లతో కలిపి చెరువులోకి పంపిన బూడిద మరొకటి. చెరువు బూడిదలో బాయిలరు అడుగున పడిన ముతక బూడిద కూడా కలిసి ఉంటుంది, రేణువులు పెద్దవి, చురుకుదనం తక్కువ; కాలని బొగ్గు మిగిలి ఉంటే అది నీటిని పీల్చుకొని చర్యను మందగింపజేస్తుంది. రోడ్డు కట్ట నింపడానికి చెరువు బూడిద చక్కగా సరిపోతుంది కాని, సిమెంటుకు బదులుగా దాన్ని లెక్కవేయడం పొరపాటు. ఇక్కడే గమనించవలసిన మరో సంగతి, బజారులో దొరికే సిమెంటు బస్తాల్లో చాలావరకు పోజొలానా సిమెంటువే. వాటిలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ కర్మాగారంలోనే కలిసి ఉంటుంది. ఆ సిమెంటు తెచ్చి, మళ్లీ అందులో సగం తగ్గించి బూడిద కలిపితే అసలు క్లింకరు, అంటే సున్నపురాయిని మట్టితో కలిపి కాల్చగా వచ్చే సిమెంటు మూలపదార్థం, ఎంత మిగిలిందో లెక్క చూసుకోవాలి.

స్లాగు వ్యవహారం వేరు. ఇనుప ఖనిజాన్ని బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగించేటప్పుడు, ఖనిజంలోని మలినాలు సున్నపురాయితో కలిసి, దాదాపు 1500 డిగ్రీల వేడిలో ద్రవమై, కరిగిన ఇనుము మీద తేలుతాయి. టన్ను ఇనుముకు మూడు నాలుగు వందల కిలోల దాకా వచ్చే ఈ ద్రవమే స్లాగు. దాన్ని మెల్లగా చల్లారనిస్తే స్ఫటికాలు కట్టి ఉత్త రాయి అవుతుంది. బలమైన నీటిధారతో ఒక్కసారిగా చల్లబరిస్తే స్ఫటికం కట్టే వ్యవధి లేక గాజు పలుకులుగా మారుతుంది. ఆ పలుకులను మెత్తగా మర పట్టి సున్నంతో కలిపితే సిమెంటులా గట్టిపడుతుందని జర్మనీలో ఎమిల్ లాంగెన్ 1862లో గుర్తించాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న విశాఖ ఉక్కు కర్మాగారపు మూడు ఫర్నేసుల నుంచి వచ్చే స్లాగు ఈ కోవకు చెందినదే. బూడిదకూ దీనికీ తేడా దీనిలోని సున్నంలో ఉంది. స్లాగులో మూడో వంతుకు పైగా కాల్షియం ఆక్సైడ్ గాజులో బందీగా ఉంటుంది. ఆ గాజును విప్పడానికి కొద్దిపాటి క్షారం చాలు, ఆ తర్వాత జిగురుకు కావలసిన కాల్షియాన్ని, సిలికాను స్లాగే సమకూరుస్తుంది. ఈ గుణాన్ని గుప్త జలబంధకత్వం అనవచ్చు, అంటే నీటితో గట్టిపడే శక్తి ఉన్నా తట్టి లేపేవరకు అణగి ఉండడం. అందుకే నల్లరేగడి వంటి సున్నం దాహపు నేలలో, బూడిద పనిచేయలేని చోట కూడా, సిమెంటుతో గాని కొద్దిపాటి సున్నంతో గాని కలిపిన స్లాగు నిలదొక్కుకుంటుంది.

స్లాగు విలువ అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది జిప్సం ఉన్న నేలల్లో. జిప్సం కాల్షియం సల్ఫేటు. మన నల్లనేలల్లో కొన్నిచోట్ల లోపలి పొరల్లో అది తెల్లని పలుకులుగా కనబడుతుంది. అమెరికాలోని లాస్ వేగాస్‌లో స్ట్యూవర్ట్ అవెన్యూ అనే రోడ్డుకు 1970లలో నేలను సున్నంతో గట్టిపరచి పునాది వేయగా, కొన్నేళ్లకే అది మైనపు ముద్దలా మెత్తబడి, రోడ్డును పైకి ఎగదన్నింది. నేలకు మేలు చేస్తుందని కలిపిన సున్నమే కీడు ఎందుకు చేసిందో ప్రఖ్యాత నేల శాస్త్రజ్ఞుడు జేమ్స్ మిచెల్ 1986లో ప్రచురితమైన తన టెర్జాగీ ఉపన్యాసంలో వివరించాడు. క్షారంలో కరిగిన బంకమట్టి అల్యూమినా, సున్నంలోని కాల్షియం, నేలలోని సల్ఫేటు కలిసి ఎట్రింగైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాన్ని కడతాయి. దాని ఒక్కొక్క నిర్మాణ ఘటకంలో 32 నీటి అణువులు ఇమిడి ఉంటాయి కనుక, అది పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న గట్టిపడిన మట్టిని చీల్చుకుంటూ పెరుగుతుంది. సిమెంటు నుంచి పుట్టే సున్నం కూడా ఇదే పని చేయగలదు. నేలలో సల్ఫేటు ఎంత ఉందో పరీక్షించకుండా సున్నం గాని సిమెంటు గాని కలపడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో 1990లలో వైల్డ్, కినుథియా, వారి సహచరులు జరిపిన ప్రయోగాల్లో, సల్ఫేటు ఉన్న బంకమట్టిలో సున్నంలో చాలా భాగాన్ని తగ్గించి దాని స్థానంలో మర పట్టిన స్లాగును కలిపితే ఆ ఉబ్బు బాగా తగ్గిపోయింది. స్లాగు చర్యకు సున్నం ఖర్చవుతుంది కనుక ఎట్రింగైట్‌కు అది దొరకదు. పైగా కొత్తగా పుట్టిన జిగురు రంధ్రాలను మూసివేసి నీటి కదలికను అడ్డుకుంటుంది. ఇక్కడ సిమెంటుకు బదులు స్లాగును వాడడం పొదుపు కోసం కాదు, అది లేకపోతే పని చెడిపోతుంది. ఉపోత్పత్తులను రెండో రకం సరుకుగా చూసే అలవాటును మార్చవలసింది ఇలాంటి ఉదాహరణలే.

అదే ఎట్రింగైట్ వేరొక సందర్భంలో మేలు చేస్తుంది. రాక్ ఫాస్ఫేటును గంధకామ్లంతో చర్య జరిపి ఫాస్ఫారిక్ ఆమ్లం తీసే ఎరువుల కర్మాగారాల్లో టన్ను ఆమ్లానికి నాలుగున్నర నుంచి అయిదు టన్నుల ఫాస్ఫోజిప్సం మిగులుతుంది; విశాఖపట్నంలో, ఒడిశాలోని పారాదీప్‌లో దాని గుట్టలు పేరుకొని ఉన్నాయి. నీరు నిండిన మెత్తని సముద్రతీరపు బంకమట్టిలో సిమెంటు, స్లాగు, కొద్దిగా ఫాస్ఫోజిప్సం కలిపినప్పుడు ఎట్రింగైట్ తొలి రోజుల్లోనే ఏర్పడుతుంది. మట్టి ఇంకా మెత్తగానే ఉంటుంది కనుక ఆ సూదులు దేన్నీ చీల్చకుండా ఖాళీలను నింపుతాయి, మిగులు నీటిని తమలో కట్టివేస్తాయి, త్వరగా బలం తెస్తాయి. గట్టిపడిన తర్వాత పుడితే నాశనం, గట్టిపడకముందే పుడితే సాయం: తేడా అంతా కాలానిది, పాళ్లది. ఫాస్ఫోజిప్సంలో మిగిలిన ఫాస్ఫారిక్ ఆమ్లం, ఫ్లోరైడ్లు సిమెంటు గట్టిపడడాన్ని ఆలస్యం చేస్తాయి, మూలశిల నుంచి వచ్చిన రేడియం కొంత ఉంటుంది. అందువల్ల కడిగి, పరీక్షించి, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలకు లోబడి మాత్రమే దాన్ని వాడాలి.

సిమెంటు అవసరాన్నే బాగా తగ్గించే జత ఒకటుంది. వెల్డింగుకు వాడే ఎసిటిలీన్ వాయువు తయారీలో కాల్షియం కార్బైడ్‌ను నీటితో కలిపినప్పుడు మిగిలే తెల్లని బురద దాదాపు అంతా తడి సున్నమే. థాయిలాండ్‌లోని సురనారీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సుక్సున్ హోర్పిబుల్సుక్ బృందం ఈ కార్బైడ్ సున్నాన్ని ఫ్లై యాష్‌తో కలిపి ఒండ్రు బంకమట్టిని గట్టిపరచవచ్చని చూపింది. ఒక వ్యర్థంలో సున్నం ఉంది, సిలికా లేదు. మరొకదానిలో సిలికా ఉంది, సున్నం లేదు. నల్లరేగడిలో బూడిద పనిచేయడానికి అడ్డుగా ఉన్న లోటును పూరించేది సరిగ్గా ఇలాంటి పదార్థమే. వరి పొట్టు బూడిదకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: 700 డిగ్రీలు మించకుండా అదుపులో కాల్చిన పొట్టు బూడిదలో అత్యధిక భాగం చురుకైన సిలికా, కాని రైసు మిల్లుల బాయిలర్లలో హద్దు మీరిన వేడికి అది స్ఫటికంగా మారి చురుకు కోల్పోతుంది. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ పొడి, చీమకుర్తి గ్రానైటు కోత బురద చర్యలో పెద్దగా పాల్గొనేవి కావు. వాటిని పూరకాలుగా మాత్రమే లెక్కించాలి.

పర్యావరణ లాభాన్ని కూడా కొలిచి చెప్పుకోవడం మంచిది. ఏడు మీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల మందం గల పొర కిలోమీటరు పొడవున 2,100 ఘనమీటర్లు అవుతుంది, ఘనమీటరుకు 1.6 టన్నుల చొప్పున 3,360 టన్నుల మట్టి, దానిలో 6 శాతం సిమెంటు అంటే దాదాపు 200 టన్నులు. క్లింకరు తయారీలో సున్నపురాయి నుంచి వెలువడేది, 1450 డిగ్రీల వేడి కోసం మండించే ఇంధనం నుంచి వెలువడేది కలిపి టన్ను సాదా సిమెంటుకు ఇంచుమించు 0.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. సిమెంటులో సగానికి బదులు స్లాగు వాడగలిగితే కిలోమీటరుకు 80 టన్నుల దాకా తగ్గుతుంది. స్లాగును మర పట్టే విద్యుత్తు, లారీల డీజిలు అందులోంచి మినహాయించుకోవాలి. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమవే అయినప్పుడు ఇది చిన్న సంగతి కాదు.

వ్యర్థంలోని భారలోహాలు భూగర్భ జలంలోకి దిగుతాయేమోనన్న భయం సహజం. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం, సీసం జాడలు ఉండే మాట నిజం. వదులుగా పోసిన బూడిద మీదుగా వాననీరు ఇంకినప్పుడు అవి కరిగి దిగుతాయి. సిమెంటు జిగురులో బంధించినప్పుడు చాలా లోహాలు కదలలేవు, అయినా ప్రతి మిశ్రమాన్నీ నీటిలో నానబెట్టి, ఊరిన నీటిని పరీక్షించక తప్పదు. ఇక్కడ జపాన్ అనుభవం ఒక పాఠం చెబుతుంది. అక్కడి అగ్నిపర్వత బూడిద నేలల్లో సిమెంటు కలిపినప్పుడు సిమెంటు నుంచే విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం ఊరుతున్నట్టు తేలడంతో, 2000 సంవత్సరంలో ఆ దేశపు నిర్మాణ మంత్రిత్వ శాఖ సిమెంటుతో గట్టిపరచే నేలలన్నిటికీ ఆ పరీక్షను తప్పనిసరి చేసింది. క్రోమియం పరిమితి దాటిన చోట సూచించే ప్రత్యామ్నాయాల్లో స్లాగు సిమెంటు ఒకటి, ఎందుకంటే స్లాగుకున్న క్షయకరణ గుణం ఆ క్రోమియాన్ని అంత హాని చేయని రూపంలోకి మారుస్తుంది. అంటే కాలుష్యం ఎప్పుడూ వ్యర్థం వైపే ఉంటుందనుకోవడానికి వీల్లేదు.

ప్రయోగశాలలో తేలిన పాళ్లు రోడ్డు మీద నిజం కావడం మరో మెట్టు. నల్లరేగడి పెళ్లలు రాయిలా గట్టివి; వాటిని పొడి చేయకుండా సిమెంటు చల్లితే పెళ్ల పైన పొర కడుతుందే తప్ప లోపలికి చేరదు. మొదట సున్నం గాని కార్బైడ్ సున్నం గాని కలిపి, ఒకటి రెండు రోజులు మాగనిచ్చి, మట్టి పలుకులు కట్టిన తర్వాత సిమెంటు, స్లాగు కలపడం ఇందుకు మందు. సిమెంటు కలిపిన మట్టిని రెండు గంటల్లోగా రోలరుతో అణచడం పూర్తిచేయాలన్నది నియమం. ఎండాకాలంలో, తెలుగు జిల్లాల వేడిలో ఆ గడువు ఇంకా తక్కువగానే అనిపిస్తుంది. స్లాగు, బూడిద మెల్లగా గట్టిపడతాయి కనుక ఈ విషయంలో పనివారికి వెసులుబాటు దొరుకుతుంది, ఆరేటప్పుడు వచ్చే పగుళ్లు కూడా తగ్గుతాయి. ఆ మెల్లదనానికి మూల్యం వేచి ఉండడం. సిమెంటు పొర బలాన్ని ఏడో రోజున పరీక్షిస్తే సరిపోతుందని, సున్నం, బూడిద వాడిన పొరకు 28 రోజులు ఆగాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. బిల్లులు, గడువులు ఏడు రోజుల లెక్కన నడిచే చోట, 28వ రోజున గాని తన బలం చూపించని మిశ్రమాన్ని ఏ కాంట్రాక్టరూ కోరి ఎంచుకోడు. టెండరు పత్రాల్లో ఈ ఒక్క షరతును మార్చడం ఎన్నో పరిశోధన వ్యాసాలకన్నా ఎక్కువ ప్రభావం చూపుతుంది.

ఉపోత్పత్తులు ఎప్పటికీ ఉంటాయన్న నమ్మకం కూడా పెట్టుకోలేము. 2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం ర్యాట్‌క్లిఫ్ మూతపడింది. అదే రోజున వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో మిగిలిన చివరి బ్లాస్ట్ ఫర్నేస్ కూడా ఆగిపోయింది. స్లాగు మీద పరిశోధనలు సాగిన ఆ వేల్స్‌లోనే ఇప్పుడు కొత్త స్లాగు పుట్టదు. మనదేశంలో ఆ రోజు దగ్గరలో లేదు, కాని మంచి స్లాగుకు ఇప్పటికే సిమెంటు కర్మాగారాలు గిరాకీ పెట్టాయి. దాన్ని వ్యర్థం అనడం పేరుకే. అందువల్ల కర్మాగారాలకు అక్కరలేని ముతక బూడిదను, చెరువు బూడిదను, కార్బైడ్ సున్నాన్ని నేలకు కేటాయించి, స్లాగును సల్ఫేటు నేలల వంటి, అది తప్ప మరొకటి పనిచేయని చోట్లకు దాచుకోవడం వివేకం. 700 నుంచి 850 డిగ్రీల దాకా కాల్చిన చీనామట్టిని, సున్నపురాయి పొడిని క్లింకరుతో కలిపి చేసే సిమెంటుకు భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ప్రమాణం వెలువరించింది కనుక, బూడిద తగ్గిపోయిన రోజున ఆ చోటును కొంతవరకు అది నింపవచ్చు.

భౌగోళికంగా తెలుగు ప్రాంతానికి ఈ విషయంలో కలిసివచ్చిన అంశం ఒకటుంది. రామగుండం బూడిద ఆదిలాబాద్ నల్లనేలలకు, ఇబ్రహీంపట్నం బూడిద గుంటూరు రేగళ్లకు, ముద్దనూరు బూడిద కడప, కర్నూలు రేగళ్లకు చేరువలో ఉంది. విశాఖ స్లాగుకు ఎదురుగానే తీరపు మెత్తని బంకమట్టి ఉంది. తక్కువ విలువ, ఎక్కువ బరువు గల సరుకుకు రవాణా ఖర్చే అసలు ధర కనుక ఈ చేరువ చాలా విలువైనది. కొరవడినది సమాచారం. ఒక మండలంలోని మట్టి ఉబ్బు, దాని సున్నం అవసరం, సల్ఫేటు పాలు ఒకపక్క, దగ్గరి కేంద్రంలో ఆ నెల వచ్చిన బూడిదలోని సున్నం, కాలని బొగ్గు, రేణువుల సన్నదనం మరోపక్క ఒకే పట్టికలో దొరికితే, రోడ్డు వేయబోయే ఇంజినీరు పాళ్లు నిర్ణయించడం ఒక పూట పని. మట్టి లెక్కలు రోడ్ల శాఖ ప్రయోగశాలల్లో, బూడిద లెక్కలు విద్యుత్ కేంద్రాల దస్త్రాల్లో ఉంటాయి. వాటిని ఒక చోటికి చేర్చి ప్రతి నెలా ప్రకటించడానికి కొత్త యంత్రం గాని, కొత్త పరిశోధన గాని అక్కరలేదు.